చిన్న స్కీ కొండ మీద పౌడర్ రోజు: ముందు రాత్రి నుంచి చివరి లిఫ్ట్ దాకా

"రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే వెళ్లాం. మధ్యాహ్నానికే కాళ్లు పట్టేశాయి. మంచి మంచు ఎక్కడుందో కనిపెట్టేలోపే రోజు అయిపోయింది." పౌడర్ రోజు గురించి, అంటే కొత్తగా పడిన వదులు మంచులో స్కీ చేసే రోజు గురించి, ఈ మాట చాలామంది నోట విన్నాను. అడిగే ప్రశ్నలూ దాదాపు అవే: ఎప్పుడు బయల్దేరాలి, ముందు ఎటు వెళ్లాలి, లోతు మంచులో ఎందుకు పడిపోతున్నాం? అందుకే అన్నీ ఒకచోట, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను. యంత్రంతో చదును చేసిన దారుల్లో, అంటే గ్రూమర్ల మీద, రెండు స్కీలూ జతగా ఉంచి మలుపులు తిప్పగలిగితే చాలు, ఇది మీకు పనికొస్తుంది. అది ఇంకా రాకపోతే ముందు అది నేర్చుకోండి.

పెద్ద రిసార్ట్‌లో పౌడర్ రోజంటే పరుగు పందెం. చిన్న కొండ లెక్క వేరు. ఇద్దరు కూర్చునే పాతకాలపు కుర్చీల లిఫ్ట్ గంటకు దాదాపు 1,000 నుంచి 1,200 మందిని పైకి చేరుస్తుంది. నలుగురు కూర్చునే వేగపు లిఫ్ట్ 2,400 మందిని కూడా చేర్చగలదు. పైకి చేరేవాళ్లు తక్కువైతే మంచును తొక్కేవాళ్లూ తక్కువే. అమెరికాలో వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ అనే స్కీ కొండను 1995 నుంచి స్కీ చేసేవాళ్లే సహకార సంఘంగా నడుపుకుంటున్నారు. 1948 నాటి తమ లిఫ్ట్‌ను 2007లో తిరిగి కట్టుకున్నప్పుడు కూడా ఒక్కరే కూర్చునే కుర్చీలనే ఉంచుకున్నారు. అలాంటి చోట మొదటి కుర్చీ దొరకలేదని బాధపడక్కర్లేదు. ఏ వాలు ఎప్పుడు తెరుస్తారు, ఏది ముందు పాడవుతుంది అన్న వరుస తెలిసుంటే మధ్యాహ్నం రెండింటికి కూడా ఎవరూ తాకని మంచు దొరుకుతుంది.

1. రోజును ఎంచుకోవడం

ఎన్ని సెంటీమీటర్లు పడిందన్న అంకె ఒక్కటే చూసి కారెక్కకండి. మంచు ఎలా పడిందన్నది అంతకన్నా ముఖ్యం.

తుఫాను వెచ్చగా మొదలై చల్లబడుతూ ముగిస్తే బరువైన మంచు కింద, తేలికైనది పైన పేరుకుంటుంది. స్కీ హాయిగా తేలుతుంది. చల్లగా మొదలై వెచ్చబడితే పొరలు తలకిందులవుతాయి. పైన బరువు, కింద గుల్ల. స్కీ కొనలు లోపలికి దిగబడతాయి, మంచు చరియలు జారే ప్రమాదమూ పెరుగుతుంది. కాబట్టి ఎంత పడుతుందో చూసే ముందు గంటగంటకూ ఉష్ణోగ్రత ఎటు పోతోందో చూడండి. పడిపోతూ ఉంటే మంచి సూచన.

కొండ ఎక్కడుందన్నదీ లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు పడి రికార్డు అయింది. కానీ సముద్రానికి దగ్గరగా ఉన్న కొండల మీద పడే మంచులో తడి ఎక్కువ. సముద్రానికి దూరంగా, ఎత్తున ఉన్న కొండల మీద మంచు పొడిగా, దూదిలా ఉంటుంది. అక్కడి 20 సెంటీమీటర్లూ ఇక్కడి 20 సెంటీమీటర్లూ ఒకటి కావు.

లోతుకు నేను వేసుకునే లెక్క ఇది:

- 10–15 సెం.మీ.: మలుపులో స్కీ అడుగున ఉన్న గట్టి నేలను తాకుతుంది. నున్నగా గ్రూమ్ చేసిన వాలు మీద పడితేనే బాగుంటుంది.
- 20–30 సెం.మీ.: నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి రోజు లేదు. మధ్యస్థంగా వాలిన చోట్లు వెతుక్కోండి.
- 40 సెం.మీ. దాటితే: తక్కువ వాలు మీద కదలలేరు, నిలిచిపోతారు. నిటారు వాలు కావాలి. అది మీ స్థాయికి మించినదైతే మర్నాడు వెళ్లండి.

గాలి బలంగా వీస్తుందని ఉంటే పై లిఫ్ట్ ఆగిపోవచ్చు. ఒకటో రెండో లిఫ్టులున్న కొండకు అదే పెద్ద దెబ్బ. అలాంటి రోజు కింది వాలులే తెరిచి ఉంటాయన్న లెక్కతోనే వెళ్లండి.

2. ఆ కొండ గురించి ముందే తెలుసుకోండి

చిన్న కొండలు చాలా వరకు వారమంతా తెరవవు. కొన్ని గురువారం నుంచి ఆదివారం దాకా, కొన్ని వారాంతాల్లోనే నడుస్తాయి. దీన్ని వరంగా వాడుకోవచ్చు. మంగళ, బుధవారాల్లో పడిన మంచు ఎవరూ తొక్కకుండా తెరిచే రోజు దాకా మీకోసం ఆగి ఉంటుంది. వారం మధ్యలో తుఫాను వచ్చి గురువారం లిఫ్ట్ మొదలయ్యే కొండ దొరికితే సెలవు పెట్టడానికి అంతకన్నా మంచి కారణం నాకు కనిపించదు.

బయల్దేరే ముందు వీటికి జవాబులు దగ్గర పెట్టుకోండి:

- రేపు తెరుస్తారా? ఏ లిఫ్టులు నడుస్తాయి?
- మంచు నివేదిక ఎన్ని గంటలకు పెడతారు? మంచు కొలిచే కర్ర దగ్గర కెమెరా ఉందా?
- టికెట్ అక్కడే ఇస్తారా, ముందే తీసుకోవాలా? పాస్ ఉంటే అది చెల్లని రోజులున్నాయా? 2019లో మొదలైన ఇండీ పాస్ లాంటివి ఒక్కో కొండ మీద రెండేసి రోజులు ఇస్తాయి, కానీ రద్దీ రోజుల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.
- ప్రత్యేక పరికరాలు కావాల్సిన వాలులున్నాయా? మోంటానాలోని బ్రిడ్జర్ బౌల్‌లో రిడ్జ్ భాగానికి వెళ్లాలంటే మంచు చరియల కింద చిక్కినవాళ్లను వెతకడానికి సంకేతాలు పంపి అందుకునే ట్రాన్సీవర్ ఒంటి మీద ఉండాల్సిందే.
- కొండ మీద భద్రత చూసుకునే పెట్రోలింగ్ సిబ్బంది ఫోన్ నంబరు ఏమిటి? దాన్ని ఫోన్‌లో ముందే దాచుకోండి.

కొండ మ్యాప్‌నూ దింపుకోండి. చిన్న కొండల దగ్గర చాలాచోట్ల సిగ్నల్ దొరకదు. మ్యాప్ చూస్తున్నప్పుడు ఒక్క ప్రశ్నకు జవాబు వెతకండి: ప్రతి వాలూ ఏ దిక్కుకు తిరిగి ఉంది? రేపటి రోజంతా దాని మీదే ఆధారపడుతుంది.

3. ముందు రాత్రి

ఈ పని పొద్దున చేద్దామని వదిలేస్తే ఆదిలోనే హంసపాదు. అన్నీ రాత్రే గుమ్మం దగ్గర పెట్టండి.

స్కీలు: నడుము, అంటే స్కీ మధ్య భాగం, వెడల్పు 95 నుంచి 115 మి.మీ. ఉంటే లోతు మంచులో తేలిక. అవి లేకపోతే కొనక్కర్లేదు. ఒక్క రోజు కోసం అద్దెకు తీసుకోండి. వెడల్పు స్కీ చేసే సాయం ఏ సలహా కన్నా ఎక్కువ. అద్దె స్కీలైతే బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మీ బరువుకు, బూటు సైజుకు తగ్గట్టు అక్కడే బిగించనివ్వండి. పౌడర్‌లో ఊడిపోకూడదని సొంతంగా ఎక్కువ బిగించుకోకండి. ఊడాల్సిన చోట ఊడకపోతే మోకాలు పోతుంది.

మైనం: చల్లటి కొత్త మంచు రేణువులు పదునుగా ఉండి స్కీ అడుగును పట్టేస్తాయి. చలికి తగిన గట్టి మైనం రాయించండి. మైనం లేని స్కీతో చదును చోట్ల నడిచి చావాల్సి వస్తుంది.

పోల్స్ (చేతికర్రలు): అడుగున ఉండే చక్రాలు, అంటే బాస్కెట్లు, వెడల్పువి మార్చండి. చిన్నవైతే పోల్ మోచేతి దాకా దిగిపోతుంది. మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

గాగుల్స్ (మంచు కళ్లజోడు): మబ్బు రోజుకు లేతరంగు లెన్స్, ఎండ వస్తుందనుకుంటే ముదురుది కూడా. మబ్బులో ముదురు లెన్స్ పెట్టుకుంటే ఎత్తుపల్లాలే కనబడవు.

సంచిలోకి:

- రెండు జతల గ్లవ్స్ (తడిసిన జతతో మధ్యాహ్నం గడపలేరు)
- ఊలు లేదా సింథటిక్ లోపలి దుస్తులు. నూలు వద్దు, చెమటను పట్టి ఒంటిని చల్లబరుస్తుంది
- గాగుల్స్ తుడిచే మెత్తని గుడ్డ, పొడి సంచిలో
- మెడకు, చేతికి అందేలా కట్టుకునే ఈల
- తినడానికి ఏదైనా, నీళ్లు
- మీ కొండకు అవసరమైతే ట్రాన్సీవర్, పార, ప్రోబ్ (మంచులో పొడిచి వెతికే పొడవాటి కడ్డీ). ట్రాన్సీవర్ బ్యాటరీ చూసుకోండి

బూట్లను రాత్రి ఇంట్లో వెచ్చని చోట ఉంచి, పొద్దున కారు లోపల, కాళ్ల దగ్గర పెట్టండి. డిక్కీలో పెట్టారంటే ప్లాస్టిక్ రాయిలా బిగుసుకుపోతుంది. ఒకసారి అలా బిగిసిన బూట్లలోకి పాదం దూర్చడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజంతా పాదాలు చల్లగానే ఉండిపోయాయి.

4. ఉదయం: దారిలో, పార్కింగ్‌లో

చిన్న కొండలకు వెళ్లే చివరి దారి తరచూ ఇరుకుగా ఉంటుంది, మంచు తీసే బండి ఆలస్యంగా వస్తుంది. శీతాకాలపు టైర్లు, చైన్లు, చిన్న పార, అద్దం గీకే పలక కారులో ఉండాలి. మామూలు కన్నా గంట ముందు బయల్దేరండి. లిఫ్ట్ తొమ్మిదికి మొదలైతే ఎనిమిదింపావుకల్లా చేరితే నింపాదిగా సిద్ధం కావచ్చు.

కారును బయటికి తీయడానికి వీలుగా, ముందు భాగం దారివైపు ఉండేలా పెట్టండి. సాయంత్రానికి చుట్టూ మంచు పేరుకున్నాక ఇది ఎంత మేలో తెలుస్తుంది.

బూట్లు తొడుక్కునే ముందు ఒక్క పని చేయండి. లిఫ్ట్ నడిపేవాళ్లనో, పెట్రోలింగ్ సిబ్బందినో పలకరించి మూడు విషయాలు అడగండి: రాత్రి గాలి ఎటునుంచి వీచింది, మూసిన వాలులకు కట్టిన తాళ్లలో ఏది ఎప్పుడు తీస్తారు, ఎక్కడ రాళ్లు తేలి ఉన్నాయి? చిన్న కొండలో వాళ్లకు జవాబు చెప్పే తీరిక, మనసు రెండూ ఉంటాయి. చిన్న కొండకు వెళ్లడంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఈ మాటామంతీయే. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

5. మొదటి రెండు రన్‌లు

రన్ అంటే పైనుంచి కిందిదాకా ఒక్కసారి దిగడం. లోతైన, నిటారైన చోటికి మొదటి రన్‌లోనే దూకకండి. చలికి బిగుసుకున్న కండరాలతో, ఆ రోజు మంచు స్వభావం తెలియకుండా అక్కడ పడితే మీ సమయం, బలం రెండూ పోతాయి.

మొదటి రన్: మీకు బాగా తెలిసిన గ్రూమర్ మీద దిగండి. దాని అంచుల్లో పౌడర్ ఉంటుంది. నాలుగు మలుపులు అంచులో, నాలుగు మధ్యలో. ఇబ్బందైతే గట్టి నేల మీదికి వచ్చేయవచ్చు.

లిఫ్ట్ మీద వెళ్తూ పిడికెడు మంచు పట్టుకుని నొక్కండి. ముద్ద కట్టకుండా వేళ్ల మధ్య నుంచి రాలిపోతే పొడి మంచు, నిటారు చోట్లకు వెళ్లవచ్చు. తేలిగ్గా ముద్ద కడితే బరువైనది. మలుపులు పొడుగ్గా, నిదానంగా తిప్పాలి.

రెండో రన్: అదే లిఫ్ట్, కొంచెం పక్కకు, పూర్తిగా పౌడర్‌లో. ఇక్కడే కట్టులు, జిప్పులు, బూటు బిగువు సరిచూసుకోండి.

6. ఏది ముందు, ఏది తర్వాత

అసలు ఆట ఇదే, దీని మీద ఎక్కువ సేపు ఆలోచించండి.

మొదట పాడయ్యేది ముందు. ఉత్తరార్ధగోళంలో తూర్పు, దక్షిణం వైపు తిరిగిన వాలులకు పొద్దుటి ఎండ తగిలి మంచు తొందరగా బరువెక్కుతుంది. మబ్బు విడుతుందనుకుంటే వాటిని పదింటిలోపే ముగించండి. ఉత్తరపు వాలు రోజంతా, ఒక్కోసారి రెండు మూడు రోజులు, పొడిగానే ఉంటుంది. దాన్ని దాచుకోవచ్చు.

గాలి చాటు వాలు. గాలి ఒకవైపు మంచును ఎత్తుకెళ్లి ఎదుటివైపు పోస్తుంది. పడమటి గాలి వీస్తే తూర్పు వాలులో లోతు. నివేదికలో 15 అని రాసినా అక్కడ 40 సెంటీమీటర్లు ఉండొచ్చు. మంచు చరియలు జారేదీ అలాంటి చోటే, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. అందుకే అక్కడ పెట్రోలింగ్ సిబ్బంది పని ముగించే దాకా తాడు కట్టి ఉంచుతారు.

ఆ తాడు కింద నుంచి దూరి వెళ్లకండి, ఎంత ఆకర్షణగా కనిపించినా, ముందు ఎవరిదో జాడ ఉన్నా సరే. తాడు తీసేదాకా పక్క వాలులో రన్‌లు వేస్తూ ఉండండి. పదింటికో పదకొండింటికో తీస్తారు. అప్పటికి పొద్దుటి తొందరగాళ్లు అలసిపోయి లోపల కూర్చుని ఉంటారు. వాళ్లు లేని ఆ అరగంట మీది.

లిఫ్ట్ కింద కనబడే వాలును అందరూ మొదటే తొక్కేస్తారు. దాన్ని వదిలేయండి. మ్యాప్ అంచున ఉండి, వెనక్కి రావడానికి కొంచెం అడ్డంగా నడవాల్సి వచ్చే వాలులు మధ్యాహ్నం దాకా మిగులుతాయి.

7. లోతు మంచులో మలుపు

ఎక్కువమంది విన్న సలహా: "వెనక్కి వాలు, కొనలు పైకి లేస్తాయి." దీన్ని మరిచిపోండి. వెనక్కి వాలితే తొడలు మండిపోతాయి, స్కీ మాట వినదు. నిలబడాల్సింది పాదం మధ్యలోనే. గ్రూమర్ మీద కన్నా కాస్తంత వెనక, అంతే.

వరుసగా సాధన చేయండి:

- పాదాలు దగ్గరగా పెట్టండి. రెండు స్కీలూ ఒకే పలక అనుకోండి.
- బరువు రెండు పాదాల మీదా సమానంగా. ఒక్క కాలి మీదే వేస్తే ఆ స్కీ మునిగిపోతుంది, రెండోది పక్కకు పోతుంది.
- తిన్నగా కిందికి వెళ్తూ మోకాళ్లు మెల్లగా వంచి లేపండి. స్కీలు మునిగి తేలడం తెలుస్తుంది. మలుపు తిప్పేది పైకి తేలిన ఆ క్షణంలోనే.
- మలుపు గుండ్రంగా, నింపాదిగా ఉండాలి. గ్రూమర్ మీదలా అంచును ఒక్కసారిగా తొక్కితే స్కీ ఆగిపోతుంది, మీరు ముందుకు పడతారు.
- చేతులు ముందు, చూపు రెండు మలుపుల అవతల.

వేగం మీకు సాయం చేస్తుంది. భయంతో మరీ నెమ్మదిగా పోతే స్కీ తేలదు. వేగం ఎక్కువనిపిస్తే బ్రేకు వేయకండి, మలుపును కొండవైపు ఇంకాస్త పొడిగించండి. మంచే ఆపుతుంది.

తరచూ వచ్చే ఇబ్బందులు:

స్కీలు విడిపోతున్నాయి: బరువు ఒక కాలి మీదే ఉంది. మోకాళ్లు దగ్గరికి తెచ్చి మళ్లీ ప్రయత్నించండి.

తొడలు మండుతున్నాయి: వెనక్కి కూర్చుంటున్నారు. కాలి ముందు ఎముక బూటు నాలుకను తాకుతోందో లేదో చూసుకోండి.

ముందుకు పడిపోతున్నారు: గట్టి నేల నుంచి ఒక్కసారిగా లోతులోకి వచ్చారు. ఆ మార్పు దగ్గర మోకాళ్లు ముందే వంచండి.

గాగుల్స్ మసకబారాయి: లోపలి వైపు రుద్దకండి, పూత పోతుంది. మంచు దులిపి, మెత్తని గుడ్డతో అద్దండి. నుదుటి మీదికి ఎత్తి పెట్టుకోకండి, చెమట ఆవిరంతా అందులోకే పోతుంది.

8. చెట్ల మధ్యకు వెళ్లే ముందు

ఈ భాగాన్ని దాటేయకండి, మిగతాదంతా మరిచినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

సతత హరిత చెట్ల కింది కొమ్మలు మంచును అడ్డుకోవడంతో మొదలు చుట్టూ గుల్లగా గుంట ఏర్పడుతుంది. పై నుంచి చూస్తే కనబడదు. అందులో తలకిందులుగా పడితే వదులు మంచు మీద పడి ఊపిరాడదు. అమెరికా, కెనడాల్లో చేసిన ప్రయోగాల్లో కావాలని అలాంటి గుంటల్లో దిగిన స్వచ్ఛంద కార్యకర్తల్లో 90 శాతం మంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. ఇది కొండ సరిహద్దుల లోపల, తెరిచిన వాలులోనూ జరుగుతుంది.

- తోడు లేకుండా చెట్లలోకి వెళ్లకండి. తోడు అంటే కంటికి కనబడేవాళ్లు. కింద లిఫ్ట్ దగ్గర కలుద్దాం అనుకోవడం తోడు కాదు.
- కొద్ది మలుపులకోసారి ఆగి ఒకరినొకరు చూసుకోండి, పిలుచుకోండి.
- పోల్ పట్టీలు మణికట్టు నుంచి తీసేయండి.
- చెట్టును చూడకండి, చెట్ల మధ్య ఖాళీని చూడండి. చూపు ఎటుంటే స్కీలు అటే పోతాయి.
- పడిపోతున్నారని తెలిస్తే మొదలునో కొమ్మనో పట్టుకుని తల పైకి ఉండేలా చూడండి. మునిగిపోతే పెనుగులాడకండి. ముఖం ముందు చేతులతో గాలికి చోటు చేసుకోండి.
- తోడు గుంటలో పడితే వదిలి వెళ్లకండి. అరవండి, ఈల వేయండి, పెట్రోలింగ్‌కు ఫోన్ చేయండి, తవ్వడం మొదలుపెట్టండి. పడిన దారిలోనే పైకి లాగకండి. తల ఎక్కడుందో అంచనా వేసి, పక్క నుంచి తల వైపు తవ్వండి. మంచు లోపలికి రాలకుండా చూడండి.

9. పడితే లేవడం, పోయిన స్కీని వెతకడం

పౌడర్‌లో పడితే దెబ్బ తగలదు, లేవడమే కష్టం. చేత్తో నేలను నొక్కితే చెయ్యి భుజం దాకా దిగుతుంది. రెండు పోల్స్‌నూ గుణకారం గుర్తులా మంచు మీద పరిచి, అవి కలిసిన చోట నొక్కి లేవండి. స్కీలు వాలుకు అడ్డంగా, మీ కన్నా కిందికి ఉండాలి.

స్కీ ఊడిపోతే కంగారుగా కిందికి పోకండి. అది దాదాపుగా మీ పైనే, మొదట పడిన చోటి దగ్గరే ఉంటుంది. అక్కడ ఒక పోల్ గుర్తుగా నాటండి. ఉన్న రెండో స్కీ తోకతో మంచును వాలుకు అడ్డంగా కోస్తూ వెతకండి. పోల్‌తో పొడిస్తే దొరకదు, కోస్తేనే తగులుతుంది.

దొరికాక నేలను బూటుతో తొక్కి చదును చేయండి. బూటు అడుగునా బైండింగ్‌లోనూ మంచు పూర్తిగా గీకేయండి. కింది వైపు స్కీ ముందు, పై వైపుది తర్వాత. మడమ బిగిసిన శబ్దం రాకుండా కదలకండి.

10. మధ్యాహ్నం తర్వాత

పన్నెండింటికి జనం తినడానికి లోపలికి పోతారు. మీరు పదకొండుకే తినేసి ఆ సమయంలో బయట ఉండండి. గాలి వీస్తుంటే పొద్దున మీరు తొక్కిన చాటు వాలులోకి మళ్లీ వెళ్లి చూడండి. జాడలు పూడిపోయి కొత్తగా ఉంటుంది.

తొక్కేసిన మంచు గుట్టలు గుట్టలుగా అయ్యాక మలుపుల సంఖ్య తగ్గించండి. గుట్టల మీదుగా కాస్త పొడవైన మలుపులు, వంగిన మోకాళ్లు. మోకాళ్లకు గాయాలు చాలావరకు ఈ గంటల్లోనే అవుతాయని నా అనుభవం. అలసిన కాలు, కనబడని గుట్ట కలుస్తాయి. ఒకే రన్‌లో రెండుసార్లు కారణం లేకుండా పడ్డారంటే ఆ రోజుకు పౌడర్ చాలు. గ్రూమర్ మీద రెండు రన్‌లు వేసి ముగించండి. చెట్లలోకి చివరి గంటలో అసలు వెళ్లకండి. వెలుతురు తగ్గుతుంది, వెతికేవాళ్లూ తగ్గుతారు.

కొండ దిగాక తోడుగా వచ్చినవాళ్లందరూ వచ్చారో లేదో లెక్క చూసుకోండి. ఎవరైనా కనబడకపోతే అరగంట ఎదురుచూడకండి, వెంటనే పెట్రోలింగ్ వాళ్లకు చెప్పండి.

ఇంటికి వచ్చాక స్కీల అంచులు పొడి గుడ్డతో తుడవండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. బూటు లోపలి మెత్తను బయటికి తీసి ఆరబెట్టండి, హీటర్‌కు ఆనించకుండా. గ్లవ్స్‌ను వేళ్లు పైకి ఉండేలా పెట్టండి. ఆ తర్వాత మర్నాటి గాలి దిశ చూసుకోండి. ఇవాళ వదిలేసిన ఉత్తరపు వాలు ఇంకా అక్కడే ఉంటుంది.